ఎస్‌యూవీకి షాక్ అబ్జార్బర్లు, స్ట్రట్లు ఇంటి దగ్గరే మార్చుకోవడం ఎలా

తిరుమల నుంచి పాత ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు బండి మలుపు మలుపుకీ ఒక పక్కకి ఒరిగిపోతున్నా, బ్రేకు తొక్కగానే ముందు భాగం కిందికి వంగి మళ్ళీ పైకి లేస్తున్నా, వెనక కూర్చున్న పిల్లలకి ఎప్పుడూ లేనిది వాంతులు మొదలైనా షాక్ అబ్జార్బర్లను అనుమానించండి. 1944 నాటి ఆ దారి ఇప్పుడు దిగడానికే. ఎక్కడానికి 1974లో వచ్చిన రెండో దారి ఉంది. దిగుడులో బరువు ముందు చక్రాల మీదికి వస్తుంది కాబట్టి, మైదానంలో పట్టించుకోని అరుగుదల అక్కడ బయటపడుతుంది. భాకరాపేట ఘాట్‌లోనూ, చిత్తూరు నుంచి పలమనేరు వెళ్ళే మొగిలి ఘాట్‌లోనూ ఇదే సంగతి.

ఈ పని ఇంటి దగ్గర చేసుకోవచ్చా అంటే, చాలావరకు చేసుకోవచ్చు. వెనక షాకులు మార్చడం పానా పట్టడం వచ్చిన ఎవరికైనా సాధ్యమే. ముందు స్ట్రట్లు, అంటే షాక్, స్ప్రింగు కలిసిన భాగాలు, విప్పి బిగించడానికి ఒక రోజంతా తీరిక, ఒక సాయం మనిషి ఉంటే చాలు. ఒక్క పని మాత్రం ఇంట్లో వద్దు: స్ట్రట్ మీదున్న స్ప్రింగును నొక్కి విప్పడం. దాన్ని ఆటోనగర్‌లో సరైన మిషన్ ఉన్న షాపులో చేయించి, మిగతాదంతా మీరే చేసుకోండి. ఈ గీత ఎక్కడ గీయాలో తెలిస్తే ఈ పనిలో భయపడాల్సింది పెద్దగా లేదు.

అరిగింది షాకేనా?

బండి బరువును మోసేది స్ప్రింగు. షాక్ అబ్జార్బర్ బరువు మోయదు. గుంతలో పడి లేచిన స్ప్రింగు ఊరికే పైకీ కిందికీ ఊగుతూ ఉండకుండా ఆ ఊపును ఆపడం దాని పని. లోపల ఆయిల్, అందులో తిరిగే పిస్టన్, పిస్టన్‌లో సన్నని వాల్వులు ఉంటాయి. ఆయిల్ ఆ ఇరుకు దారుల్లోంచి దూరేటప్పుడు ఊపు కాస్తా వేడిగా మారిపోతుంది. గుంతల రోడ్డు మీద చాలా దూరం తిరిగి వచ్చాక షాక్ ఒళ్ళు వేడెక్కి ఉండేది అందుకే. సీలు పోయి ఆయిల్ కారిపోతే ఆ ఊపును ఆపే దిక్కు ఉండదు. చక్రం నేలకు ఆనకుండా గెంతుతూ ఉంటుంది. గాలిలో ఉన్న చక్రానికి బ్రేకు వేసినా, స్టీరింగ్ తిప్పినా ఫలితం ఉండదు.

ముందు కళ్ళతో చూడండి. టార్చి పట్టుకుని ఒక్కొక్క చక్రం వెనక షాక్ ఒంటిని పరిశీలించండి. పైన సీలు దగ్గర కొద్దిగా తడి, దానికి అంటుకున్న దుమ్ము కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. ఆయిల్ పై నుంచి కింది దాకా చారలుగా కారి, మట్టితో కలిసి ముద్దగా పేరుకుంటే ఆ షాక్ పని అయిపోయినట్టే. తర్వాత టైరు మీద అరచేతితో నిమరండి. చుట్టూరా అక్కడక్కడా పల్లాలు, మిట్టలుగా చేతికి తగిలితే చక్రం గెంతుతూ తిరుగుతోందని అర్థం. ఇక అందరికీ తెలిసిన పరీక్ష, బండి మూలను గట్టిగా కిందికి నొక్కి వదలడం. పైకి లేచి ఒక్కసారి సర్దుకుని ఆగాలి. రెండు మూడు సార్లు ఊగితే షాక్ పోయింది. కానీ ఇప్పటి ఎస్‌యూవీల స్ప్రింగులు గట్టివి. చేత్తో నొక్కితే అసలు కదలకపోవచ్చు. ఈ పరీక్షలో పాసైందని షాక్ బాగున్నట్టు అనుకోకండి.

శబ్దాలతో మాత్రం జాగ్రత్త. చాలామంది శబ్దం వినగానే షాకులు మార్పించి, డబ్బు ఖర్చయ్యాక కూడా అదే శబ్దం వింటూ ఉంటారు. చిన్న చిన్న ఎగుడుదిగుళ్ళ మీద ముందు నుంచి టకటకమని వస్తే అది ఎక్కువసార్లు లింక్ రాడ్, అంటే బండి ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బార్‌ను స్ట్రట్‌కు కలిపే చిన్న కడ్డీ. మన మెకానిక్కులు జంపింగ్ రాడ్ అనేది దాన్నే. బండి నిలబెట్టి స్టీరింగ్ తిప్పినప్పుడు స్ప్రింగు టంగుమని మోగితే పైనున్న స్ట్రట్ మౌంట్ బేరింగ్ పట్టేసింది. బ్రేకు వేసినప్పుడు ఒక్క దెబ్బగా వినిపిస్తే, కింద చక్రాన్ని బండికి కలిపే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్ చూడాలి. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ధబ్బుమని లోహానికి లోహం తగిలినట్టు ఉంటే, షాక్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు దెబ్బ ఆపే బంప్ స్టాపర్ నలిగిపోయింది, దానితో పాటు షాక్ కూడా చాలాసార్లు పోయే ఉంటుంది.

మీ బండి కింద ఏముంది?

బ్రెజా, నెక్సాన్, క్రెటా, వెన్యూ, డస్టర్ లాంటి బళ్ళకు ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది. 1940ల్లో ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీర్ రూపొందించిన పద్ధతి ఇది. షాక్, స్ప్రింగు ఒకే కడ్డీగా కలిసి ఉంటాయి, చక్రాన్ని నిలువుగా పట్టి ఉంచేది కూడా అదే. అందుకే స్ట్రట్ విప్పితే చక్రం కోణం కదులుతుంది, అలైన్‌మెంట్ తప్పనిసరి అవుతుంది. ఈ బళ్ళలో ఎక్కువ వాటికి వెనక రెండు చక్రాలనూ కలిపే ఒక అడ్డ బీమ్ ఉంటుంది. దాని మీద స్ప్రింగు వేరుగా, షాక్ వేరుగా ఉంటాయి. అందుకే వెనక పని తేలిక.

బొలెరోకి వెనక కమాన్ పట్టీలు, వాటి పక్కన విడిగా షాక్. పైన ఒక బోల్టు, కింద ఒక బోల్టు. ఇంటి దగ్గర నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బండి లేదు. ఇన్నోవా, స్కార్పియో లాంటి వాటి ముందు భాగం కట్టుబడి వేరు. కింద రాసిన ముందు స్ట్రట్ పద్ధతి వాటికి సరిపోదు, వెనక భాగం గురించి రాసింది మాత్రం చాలావరకు పనికొస్తుంది.

సామాను కొనేటప్పుడు

షాకులు ఎప్పుడూ జతగానే మార్చాలి. ఎడమది కారితే ఎడమ, కుడి రెండూ. ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉంటే బ్రేకు వేసినప్పుడు, మలుపులో బండి ఒక పక్కకి లాగుతుంది. ముందు జత, వెనక జత ఒకేసారి మార్చాలన్న నియమం లేదు, డబ్బు సర్దుబాటును బట్టి కొన్ని నెలల తేడాతో మార్చుకోవచ్చు.

షాపుకు వెళ్ళేముందు ఆర్సీలోని చాసిస్ నంబరు రాసుకోండి. ఒకే పేరున్న బండిలో పెట్రోలు, డీజిల్ రకాలకు ముందు స్ట్రట్లు వేరుగా ఉండొచ్చు, డీజిల్ ఇంజన్ బరువు ఎక్కువ కదా. ముందు స్ట్రట్లలో ఎడమది, కుడిది కూడా వేరు. బ్రేకు పైపు పట్టే చెవి, లింక్ రాడ్ తగిలించే చెవి ఏ వైపు ఉన్నాయో పాతదానితో పోల్చి చూశాకే డబ్బు ఇవ్వండి. కంపెనీ కౌంటర్‌లో దొరికేవి, లేదా గాబ్రియెల్ లాంటి పేరున్న తయారీవి తీసుకోండి. తిరుపతి ఆటోనగర్‌లో దొరకని రకమైతే చెన్నై జీపీ రోడ్డులోనో, బెంగళూరు జేసీ రోడ్డులోనో అడిగించవచ్చు. పేరు తెలియని చవకరకం షాకుల జోలికి వెళ్ళొద్దు. బండి ఎత్తు పెంచే కిట్లూ వద్దు. ఎత్తు పెరిగిన బండి ఘాట్ మలుపులో ఇంకా ఎక్కువ ఒరుగుతుంది.

ముందు స్ట్రట్లతో పాటు టాప్ మౌంట్లు (స్ట్రట్‌ను పైన బండికి పట్టే భాగాలు), బేరింగులు, బంప్ స్టాపర్లు, దుమ్ము తొడుగులు కూడా కొత్తవే కొనండి. వీటి ఖరీదు స్ట్రట్‌తో పోలిస్తే తక్కువ. పాతవే వేసి ఆరు నెలలకి బేరింగు పట్టేస్తే మళ్ళీ మొత్తం విప్పాలి. స్ట్రట్‌ను నకిల్‌కు (చక్రం తిరిగే హబ్‌ను మోసే ఇనుప ముక్క) పట్టి ఉంచే బోల్టులు, వదులు కాకుండా లోపల నైలాన్ ఉన్న నైలాక్ నట్లు కొత్తవి వేయమని చాలా కంపెనీల మాన్యువల్స్ చెబుతాయి. అవి కూడా ఆ జాబితాలోనే రాసుకోండి.

కొత్త షాకులను ఇంటికి తెచ్చాక నిలువుగా నిలబెట్టి ఉంచండి. బిగించే ముందు, నిలువుగానే పట్టుకుని రాడ్డును పూర్తిగా కిందికి నొక్కి, పూర్తిగా పైకి రానివ్వండి. ఇలా నాలుగైదు సార్లు చేస్తే పడుకోబెట్టి రవాణా చేసినప్పుడు ఆయిల్‌లో చేరిన గాలి పైకి వెళ్ళిపోతుంది. లోపల ఒత్తిడితో గ్యాస్ నింపిన షాక్ అయితే, రాడ్డును నొక్కి కట్టిన పట్టీ కోయగానే రాడ్డు తనంతట తానే బయటికి వస్తుంది, మొహం దగ్గర పెట్టుకుని కోయొద్దు.

చోటు, పనిముట్లు

గట్టి సిమెంటు నేల కావాలి, చదునుగా ఉండాలి. ఇంటి ముందు వాలు ఉంటే అక్కడ ఈ పని వద్దు. పాలిష్ గ్రానైట్ పరిచిన పోర్టికోలు మన వైపు చాలా ఇళ్ళలో ఉంటాయి, వాటి మీద జాకీ జారుతుంది. మందమైన ప్లైవుడ్ ముక్క వేసి దాని మీద పెట్టండి. ఎండాకాలం అయితే తెల్లవారగానే మొదలుపెట్టండి. తొమ్మిది దాటాక తిరుపతి ఎండలో ఇనుము పట్టుకోలేం. వీలైతే అక్టోబరులో ఈశాన్య రుతుపవనం మొదలయ్యేలోపు పని ముగించుకోవడం మంచిది. 2021 నవంబరు వరద తర్వాత ఊళ్ళో రోడ్లు ఎలా అయ్యాయో చూసినవాళ్ళకి కారణం చెప్పక్కర్లేదు.

బండితో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికి మాత్రమే. ఈ పనికి హైడ్రాలిక్ ట్రాలీ జాకీ ఒకటి, జాకీ స్టాండ్లు రెండు కావాలి. స్టాండ్ల మీద బరువు సామర్థ్యం రాసి ఉంటుంది, బండి బరువుకు తగ్గవి కాకుండా చూసుకోండి. స్టాండ్లు లేకుండా జాకీ మీద ఒక్కదాని మీదే బండి ఉంచి కిందికి దూరకండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు స్టాండ్లకు బదులు కావు. అవి ఒక్క క్షణంలో పగిలిపోతాయి, ముందుగా ఏ సూచనా ఇవ్వవు.

పానాలు, సాకెట్లు 12 నుంచి 22 మి.మీ. దాకా, పొడుగు పిడి ఉన్న సాకెట్ రాడ్డు, లింక్ రాడ్ కోసం అలెన్ కీల సెట్, వైరు బ్రష్, తుప్పు వదిలించే స్ప్రే, రాగి లేదా ప్లాస్టిక్ సుత్తి, కొంచెం బైండింగ్ వైరు, తెల్ల పెయింట్ మార్కర్, టేపు. వీటికి తోడు ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ ఒకటి. ఇది లేకపోతే అద్దెకో అరువుకో తెచ్చుకోండి గానీ చేతి అంచనా మీద సస్పెన్షన్ బిగించొద్దు. ఎంత టార్క్ పెట్టాలన్నది ఒక్కొక్క బండికి ఒక్కో రకం, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లోంచి ముందే ఒక కాగితం మీద రాసుకుని గోడకు అంటించండి.

ముందురోజు సాయంత్రమే అన్ని బోల్టుల దారాలను వైరు బ్రష్‌తో రుద్ది స్ప్రే కొట్టి వదిలేయండి. రాత్రంతా నానితే పొద్దున సగం శ్రమ తగ్గుతుంది.

ఇంకో పని. బండి నేల మీద ఉన్నప్పుడే ఒక్కొక్క చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. ఈ కొలత ఎందుకో వెనక షాకులు బిగించేటప్పుడు తెలుస్తుంది.

వెనక నుంచి మొదలుపెట్టండి

మొదటిసారి చేసేవాళ్ళు వెనకనే మొదలుపెట్టడం మంచిది. చెయ్యి అలవాటవుతుంది.

వెనక భాగం పైకి లేపుతున్నారంటే ఒక సంగతి మర్చిపోవద్దు. హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలను. అవే గాలిలో ఉంటే దాని వల్ల ఉపయోగం లేదు. కాబట్టి ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క ముక్కలో, గట్టి దిమ్మెలో అడ్డం పెట్టాలి. ముందు చక్రాలు లాగే బండి అయితే మొదటి గేరులో కూడా ఉంచండి. బొలెరో లాంటి వెనక చక్రాలు లాగే బండికి గేరు కూడా ఆదుకోదు, అక్కడ ఆ అడ్డాలే ఆధారం.

చక్రం నట్లు నేల మీద ఉండగానే పావు మలుపు వదులు చేయండి. మాన్యువల్‌లో చూపించిన చోట జాకీ పెట్టి లేపి, స్టాండ్లు పెట్టి, బండిని వాటి మీదికి దించండి. రెండు చేతులతో బండిని గట్టిగా ఊపి చూడండి. ఇప్పుడు కదిలితే మేలే, మీరు కింద ఉన్నప్పుడు కదలకూడదు. విప్పిన చక్రాన్ని బండి అంచు కింద పడుకోబెట్టండి. స్టాండ్ జారినా బండి ఆ చక్రం మీద ఆగుతుంది.

అడ్డ బీమ్ ఉన్న బళ్ళలో షాక్ ఒక గొలుసులా కూడా పని చేస్తుంది. బీమ్ కిందికి మరీ జారకుండా ఆపేది అదే. కింది బోల్టు తీయగానే బీమ్ పడిపోతే స్ప్రింగు ఊడి వస్తుంది, బ్రేకు పైపు తెగేలా లాగబడుతుంది. అందుకే ట్రాలీ జాకీని బీమ్ కింద పెట్టి కొద్దిగా ఎత్తి పట్టి ఉంచాకే బోల్టు విప్పాలి. పై బోల్టులు కొన్ని బళ్ళలో చక్రం గుంటలో లోపలివైపు ఉంటాయి, కొన్నింట్లో డిక్కీ ప్లాస్టిక్ తొడుగు వెనక ఉంటాయి. షాక్ రాడ్డు పై చివర నట్టు ఉండే రకంలో నట్టు తిప్పితే రాడ్డు కూడా తిరుగుతుంది. రాడ్డు చివర చెక్కిన చోట చిన్న పానాతో పట్టుకుని నట్టు తిప్పండి. రాడ్డు మెరిసే భాగాన్ని మాత్రం కటింగ్ ప్లయర్‌తోనో, పట్టకారుతోనో పట్టొద్దు. దాని మీద పడ్డ ఒక్క గీత కొత్త సీలును కొన్ని వారాల్లో కోసేస్తుంది.

కొత్త షాక్ పెట్టి పై బోల్టులు, కింది బోల్టు చేత్తో దారం పట్టించండి. కింది బోల్టును ఇప్పుడే బిగించొద్దు. కారణం ఏమిటంటే, షాక్ కింది కన్నులో రబ్బరు బుష్ ఉంటుంది, బోల్టు బిగించినప్పుడు బుష్ ఏ స్థితిలో ఉంటే అదే దానికి మామూలు స్థితి అవుతుంది. చక్రం గాలిలో వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలిపడి ఎప్పుడూ ఆ మెలితోనే ఉంటుంది. సంవత్సరం తిరక్కుండానే చిరిగిపోతుంది. ఇంటి దగ్గర చేసిన పనుల్లోనే కాదు, షాపుల్లో చేసిన వాటిలోనూ ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

దీనికోసమే ముందు కొలత తీసుకోమన్నాను. స్టాండ్లు అలాగే ఉండనిచ్చి, బీమ్ కింద జాకీని మెల్లగా లేపుతూ, చక్రం బిగించే హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా దూరం మీరు రాసుకున్న కొలతకు వచ్చేదాకా ఎత్తండి. అప్పుడు టార్క్ రెంచ్‌తో కింది బోల్టు బిగించండి. స్టాండ్ మీది బండి పైకి లేవడం మొదలైతే ఆపేయండి, అక్కడిదాకా వచ్చిన ఎత్తులో బిగిస్తే చాలు. రెండో వైపు కూడా ఇంతే.

ముందు స్ట్రట్ విప్పడం

ఈసారి వెనక చక్రాలకు అడ్డం పెట్టి హ్యాండ్ బ్రేకు లాగండి. ముందు భాగాన్ని రెండు వైపులా లేపడం మంచిది. ఒక్క వైపే లేపితే స్టెబిలైజర్ బార్ మెలిపడి లింక్ రాడ్ బిర్రుగా ఉంటుంది, విప్పడానికీ తగిలించడానికీ ఇబ్బంది. కానీ విప్పడం మాత్రం ఒక వైపు తర్వాత ఇంకో వైపు. ఒక పక్క విప్పకుండా ఉంటే ఏది ఎక్కడ ఉందో చూసుకోవడానికి నమూనాగా పనికొస్తుంది. ఫోన్‌లో నాలుగు ఫోటోలు కూడా తీసిపెట్టుకోండి.

స్ట్రట్‌కు పట్టిన బ్రేకు పైపు బిగింపు, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసేది) సెన్సర్ వైరు క్లిప్పు ముందు విడదీయండి. వీటిని మర్చిపోయి స్ట్రట్ లాగితే సన్నని వైరు తెగుతుంది, డాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది. బ్రేకు పైపు కలయికలను విప్పొద్దు, బిగింపు తీస్తే చాలు.

లింక్ రాడ్ నట్టు మొండిగా ఉంటుంది. నట్టును రింగు పానాతో పట్టి, మధ్యలో గుంటలో అలెన్ కీ పెట్టి రాడ్డు తిరగకుండా ఆపి విప్పండి. అలెన్ గుంట అరిగిపోతే బలం పెట్టకుండా లింక్ రాడ్ కోసి తీసేసి కొత్తది వేయండి. అది ఎలాగూ అరిగే సామానే.

ఇప్పుడు నకిల్‌కు స్ట్రట్‌ను పట్టిన రెండు పెద్ద బోల్టులు. ముట్టుకునే ముందు మార్కర్‌తో స్ట్రట్ చెవి అంచు వెంబడి నకిల్ మీద గీత గీయండి, బోల్టు తల చుట్టూ కూడా గీయండి. చక్రం కోణం ఈ రెండు బోల్టుల మీద ఆధారపడి ఉంటుంది. తిరిగి బిగించేటప్పుడు గీతకు గీత కలిస్తే అలైన్‌మెంట్ షాపు దాకా బండి తిన్నగా నడుస్తుంది. కొన్ని బళ్ళలో బోల్టు తల కింద పళ్ళు ఉంటాయి, కాబట్టి తలను తిప్పకుండా నట్టునే తిప్పాలి. నట్టు చివరి దాకా వదులయ్యాక, దాన్ని బోల్టు కొసతో సమంగా ఉంచి సుత్తితో తట్టండి. నట్టు లేకుండా బోల్టు కొస మీద కొడితే దారం చెడుతుంది.

బోల్టులు తీయకముందే లోయర్ ఆర్మ్ కింద జాకీ ఆనించండి. తీశాక నకిల్ బయటికి వాలిపోకుండా బైండింగ్ వైరుతో దగ్గర్లో గట్టి చోటుకి కట్టండి. అది అలా వాలితే ఇంజన్ బలాన్ని చక్రానికి చేర్చే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ ఊడే ప్రమాదం ఉంది, బ్రేకు పైపు కూడా లాగబడుతుంది.

ఇక బానెట్ ఎత్తి స్ట్రట్ పై భాగం చూడండి. చాలా బళ్ళలో అక్కడ చుట్టూ మూడు చిన్న నట్లు, మధ్యలో ఒక పెద్ద నట్టు కనిపిస్తాయి. చుట్టూ ఉన్న చిన్న నట్లే విప్పాలి. మధ్య నట్టును బండి మీద ఉన్నప్పుడు ఎట్టి పరిస్థితిలోనూ విప్పొద్దు. వందల కిలోల బలంతో నొక్కుకుపోయి ఉన్న స్ప్రింగును ఆపి పట్టుకున్నది ఆ ఒక్క నట్టే. మీ బండిలో మూడు నట్లు కనిపించకుండా మధ్యలో ఒక్కటే ఉంటే ఆగండి. ఆ రకం కట్టుబడికి మాన్యువల్ చెప్పిన వరస చదివాకే చెయ్యి పెట్టండి. కొన్నింట్లో వైపర్ కింద ప్లాస్టిక్ పలక తీస్తే గానీ పై నట్లు అందవు.

చివరి చిన్న నట్టు తీసేటప్పుడు కింద నుంచి ఒకరు స్ట్రట్‌ను రెండు చేతులా పట్టుకోవాలి. సాయం మనిషి ఉండాలన్నది ఈ ఒక్క నిమిషం కోసమే.

స్ప్రింగు పని షాపులో

రెండు కొక్కేల కంప్రెసర్లు ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతాయి. వాటితో స్ప్రింగు నొక్కే వీడియోలూ ఎన్నో ఉన్నాయి. మీరు మాత్రం వాటి జోలికి వెళ్ళొద్దు. కొక్కెం జారితే స్ప్రింగు ఎటు వస్తుందో ఎవరూ చెప్పలేరు. చేతులు, దవడలు విరిగిన వాళ్ళున్నారు, ప్రాణాలు పోయిన వాళ్ళూ ఉన్నారు. గోడకో బల్లకో బిగించిన కంప్రెసర్ ఉన్న సస్పెన్షన్ షాపులో రెండు స్ట్రట్లకూ స్ప్రింగులు మార్చడానికి గంట పట్టదు. రెండు స్ట్రట్లూ విప్పి, ఏది ఎడమో ఏది కుడో రాసి, కొత్త సామానంతా ఒక సంచిలో వేసుకుని స్కూటర్ మీదో ఆటోలోనో తీసుకెళ్ళండి.

అక్కడ ఊరికే కూర్చోకండి, కాస్త దూరంగా నిలబడి చూడండి. స్ప్రింగు కింది కొస స్ట్రట్ పళ్ళెంలోని మెట్టుకు సరిగ్గా ఆనాలి. స్ప్రింగు ఏ వైపు పైకి ఉండేదో పాతదాని మీద ముందే గుర్తు పెట్టుకుంటే తలకిందులు కాదు. టాప్ మౌంట్ మీద బాణం గుర్తో, గాడో ఉంటే అది ఎటు చూడాలో పాత స్ట్రట్‌తో పోల్చండి. ఇది తప్పితే ఇంటి దగ్గర మూడు బోల్టులూ కన్నాల్లోకి పోవు. బేరింగు ఏ పక్క కిందికి, ఏ పక్క మీదికి ఉండాలో చూసి పెట్టాలి. బంప్ స్టాపర్, దుమ్ము తొడుగు మర్చిపోలేదని చూసుకోండి. మధ్య నట్టు బిగించడానికి రాడ్డు మెరిసే భాగాన్ని పట్టకారుతో పట్టబోతే ఆపమని చెప్పండి. మొహమాటపడొద్దు. స్ప్రింగు మీద తుప్పు పొరలు లేచి పగులు కనిపిస్తే స్ప్రింగు కూడా జతగా మార్చాలి. చేతికిచ్చాక టాప్ మౌంట్‌ను తిప్పి చూడండి, పట్టేయకుండా తిరగాలి.

తిరిగి బిగించడం

పై భాగాన్ని ముందు కన్నాల్లోకి ఎక్కించి మూడు నట్లూ చేత్తో పట్టించండి. తర్వాత జాకీతో లోయర్ ఆర్మ్‌ను కొద్దికొద్దిగా లేపుతూ నకిల్‌ను స్ట్రట్ చెవుల మధ్యకు తెచ్చి, కొత్త బోల్టులను పాతవి ఏ వైపు నుంచి వచ్చాయో ఆ వైపు నుంచే దూర్చండి. బోల్టు దూరకపోతే సుత్తితో బలవంతం చేయకుండా జాకీ ఎత్తును సర్దండి. మీరు గీసిన గీతలకు స్ట్రట్ చెవిని కలిపి పట్టి టార్క్ పెట్టండి. లింక్ రాడ్, బ్రేకు పైపు బిగింపు, ఏబీఎస్ క్లిప్పు వాటి పాత చోటికి వెళ్ళాలి. స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పి బ్రేకు పైపు ఎక్కడా బిర్రుగా లాగబడటం లేదని, టైరుకో స్ప్రింగుకో ఒరుసుకోవడం లేదని చూడండి.

చక్రం వేసి బండి దించాక పైనున్న మూడు నట్లకు, చక్రం నట్లకు టార్క్ పెట్టండి. చక్రం నట్లు వరసగా చుట్టూ కాకుండా ఒకదానికి ఎదురుగా ఉన్నదాన్ని బిగిస్తూ పోవాలి. చేసిన ప్రతి బోల్టు మీదా మార్కర్‌తో ఒక చుక్క పెట్టండి. చుక్క లేని బోల్టు మిగిలిందంటే దాన్ని ఇంకా బిగించలేదని అర్థం.

రోడ్డు మీదికి

ముందు మీ వీధిలోనే మెల్లగా. రెండు మూడు సార్లు బ్రేకు గట్టిగా వేయండి, ఒక స్పీడ్ బ్రేకర్ దాటండి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి చూడండి. టక్కుమన్నా, గిర్రుమన్నా ఇంటికి తెచ్చి చుక్కలు మళ్ళీ లెక్కపెట్టండి. ఎక్కువసార్లు లింక్ రాడ్ నట్టో, పై మూడు నట్లో వదులుగా ఉంటాయి.

ఏ శబ్దమూ లేకపోతే అక్కడి నుంచి నేరుగా అలైన్‌మెంట్ షాపుకే వెళ్ళండి. కొత్త షాకులు మొదట్లో కాస్త గట్టిగా అనిపిస్తాయి, అది మామూలే. అలైన్‌మెంట్ షాపులో టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రమే సరిచేసి పంపేస్తుంటారు. క్యాంబర్ (ఎదురుగా చూస్తే చక్రం ఒరిగి ఉండే కోణం) ముందు ఎంత ఉంది, సరిచేశాక ఎంత ఉంది అని అడిగి ప్రింటు తీసుకోండి. ఎడమకీ కుడికీ తేడా కంపెనీ చెప్పిన హద్దు దాటి ఉంటే నకిల్ బోల్టులు వదులు చేసి అక్కడే సర్దించుకోవాలి. మళ్ళీ వాటికి టార్క్ పెట్టించడం మర్చిపోవద్దు.

వంద కిలోమీటర్ల లోపు చక్రం నట్లు ఒకసారి, నకిల్ బోల్టులు, పై నట్లు ఒకసారి టార్క్ రెంచ్‌తో సరిచూడండి. అది అయ్యాకే నిండుగా మనుషుల్ని ఎక్కించుకుని కొండకు బయల్దేరండి.

విప్పిన పాత షాకులను కోయొద్దు, మంటలో వేయొద్దు. లోపల ఆయిల్ ఉంటుంది, కొన్నింట్లో ఒత్తిడితో నింపిన గ్యాస్ కూడా ఉంటుంది. కారిన ఆయిల్‌ను రంపపు పొట్టుతో అద్ది తీసి, షాకులను అలాగే పాత ఇనుప సామాను కొనేవాళ్ళకి ఇచ్చేటప్పుడు గ్యాస్ షాకులని ఒక మాట చెప్పండి.